పాత డీజిల్ జీపు విలువ ఎక్కడుంది?

శ్రీశైలం నుంచి దోర్నాల వైపు కొంత దూరం వెళ్లి, నల్లమల లోపలికి ఇష్టకామేశ్వరి గుడికి పోయే బాటను రోడ్డు అనడానికి నోరు రాదు. బండరాళ్లు, వానకు కోసుకుపోయిన గాడులు, చక్రం పట్టేంత జాగా లేని మలుపులు. ఆ బాటలో తిరిగేవి జీపులే. అహోబిలం అడవిలో పావన నరసింహుడి దగ్గరికి వెళ్లాలన్నా జీపు ఎక్కాలి, లేదంటే నడవాలి. పాడేరు దగ్గర వంజంగి కొండకు మబ్బులు చూడ్డానికి వెళ్లేవాళ్లనూ సగం దారి మోసేది జీపులే. ఇలాంటి చోట్ల ఇరవై, ముప్పై ఏళ్లు దాటిన డీజిల్ జీపులు ఇప్పటికీ పొద్దున్నే స్టార్టయి జనాన్ని ఎక్కించుకుంటున్నాయి.

ఇప్పుడు పట్నంలోనూ వీటికి గిరాకీ వచ్చింది. వారాంతపు ప్రయాణాలకు, ఫామ్‌హౌస్‌కు, చిన్నప్పటి మోజు తీర్చుకోవడానికి పాత జీపు కొనేవాళ్లు పెరిగారు. వాళ్లలో చాలామంది చూసేది కొత్త పెయింటు, లావుపాటి టైర్లు, ముందు బంపర్ మీద లైట్ల వరస. బేరం వాటి మీదే నడుస్తుంది. నాకు బాధ కలిగేది ఇక్కడే. పాత మెకానికల్ డీజిల్ బండిలో అరిగేదాన్ని దాదాపు అంతా కొలవొచ్చు, కొలిచినదాన్ని చాలావరకు తిరిగి సరిచేయొచ్చు. సరిచేయలేనివి కొన్నే ఉంటాయి. ఈ రెండింటికీ తేడా తెలియకుండా విలువ కడితే మంచి బండి తుక్కుకు పోతుంది, తుక్కు బండి మంచి ధరకు పోతుంది.

మన జీపు కథ 1940ల చివర్లో మొదలైంది. అమెరికా విల్లీస్ కంపెనీ జీపులను మహీంద్రా అప్పుడే బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తరవాత అందరి కళ్లకూ అలవాటైన రూపం సీజే-3బీ. దాని బానెట్ ఎత్తుగా ఉండటానికి కారణం సోకు కాదు. 1953లో విల్లీస్ పెట్టిన కొత్త హరికేన్ పెట్రోల్ ఇంజన్ పాతదానికంటే ఎత్తయింది, అందుకని బానెట్‌ను పైకి లేపారు. అమెరికాలో ఆ మోడల్ 1968లో ఆగిపోయింది. మన దగ్గర దాని సంతతి ఇంకా దశాబ్దాలపాటు నడిచింది.

పెట్రోల్‌కూ డీజిల్‌కూ ధరలో ఉన్న తేడా మన జీపును డీజిల్‌కు మార్చేసింది. ఎన్నో సీజే-3బీల్లో షెడ్డులోనే పెట్రోల్ ఇంజన్ దింపి డీజిల్ ఇంజన్ ఎక్కించారు. కంపెనీ కూడా డీజిల్ వైపే నడిచింది. పాత జీపుల్లో ఎక్కువగా కనిపించే డీజిల్ ఇంజన్లు రెండు. ఒకటి ప్యుజో ఎక్స్‌డీపీ 4.90, ఎంఎం 540 జీపులో వచ్చినది. రెండోది కమాండర్ లాంటి బళ్లలో వచ్చిన డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్), 2523 సీసీ ఇంజన్. 2010లో వచ్చిన మొదటి తరం థార్ డీఐ మోడల్‌లో ఉన్నదీ 2523 సీసీయే.

ఈ రెండింటి కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే వాటి గుణం అర్థమవుతుంది. ప్యుజో సిలిండర్ బోరు 90 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం, అంటే స్ట్రోకు, 83. వెడల్పు ఎక్కువ, నడక తక్కువ. అందుకే అది హుషారుగా తిరుగుతుంది, నున్నగా వినిపిస్తుంది. డీఐ బోరు 88.9, స్ట్రోకు 101.6 మిల్లీమీటర్లు. ఈ అంకెలు వింతగా ఉన్నాయి కదా? అంగుళాల్లోకి మారిస్తే సరిగ్గా మూడున్నర, నాలుగు. ఇది ట్రాక్టర్ వంశం. ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తోనూ వోల్టాస్‌తోనూ కలిసి మహీంద్రా 1963లో ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది, బీ-275 ట్రాక్టర్ చేసింది. ఆ ట్రాక్టర్ ఇంజన్ స్ట్రోకు కూడా నాలుగు అంగుళాలే. స్ట్రోకు పొడుగ్గా ఉన్న ఇంజన్ నిదానంగా తిరుగుతూనే బలంగా లాగుతుంది. థార్ డీఐలో గరిష్ఠ శక్తి 63 హార్స్‌పవరే అయినా, దాని లాగుడు 1500 ఆర్‌పీఎం దగ్గరే అందేస్తుంది. కొండ బాటలో కావలసింది అదే.

ఇక డీజిల్ ఇంజన్ అసలు ఎలా మండుతుందో చూద్దాం, ఎందుకంటే దాని జబ్బులన్నీ అక్కణ్ణించే పుడతాయి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజన్, ఇంధనంలోని వేడిలో 26 శాతానికి పైగా పనిగా మార్చింది. అప్పటి ఆవిరి యంత్రాలకు అది అందని మాట. దాని కిటుకు గాలిని నొక్కడంలో ఉంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం అందరికీ తెలిసిందే. డీజిల్ ఇంజన్ ఆ పనే సెకనుకు ఎన్నోసార్లు, ఇంకెంతో గట్టిగా చేస్తుంది. ప్యుజో లాంటి ఇంజన్‌లో గాలి తన పరిమాణంలో 22వ వంతుకు కుంచించుకుపోతుంది. మామూలు 27 డిగ్రీల గాలి అలా నలిగితే లెక్క ప్రకారం 600 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి సుమారు 210 నుంచి 250 డిగ్రీలు చాలు. నిప్పురవ్వ అక్కర్లేదు, స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు. సన్నటి తుంపరగా డీజిల్ పడితే చాలు, మండిపోతుంది.

ఆ వేడి దక్కాలంటే నొక్కిన గాలి ఎక్కడా కారిపోకూడదు. పిస్టన్ రింగులు అరిగినా, వాల్వులు సరిగా కూర్చోకపోయినా, హెడ్ గ్యాస్కెట్ ఊదేసినా గాలి తప్పించుకుంటుంది. అప్పుడు వేడి తగ్గుతుంది, పొద్దుటిపూట స్టార్టింగ్ మొండికేస్తుంది. అందుకే చల్లటి ఇంజన్ ఎలా స్టార్టవుతుందో చూడటం అన్నిటికన్నా పెద్ద పరీక్ష. కాసేపు నడిచి వేడెక్కాక అరిగిన ఇంజన్ కూడా సగం తిప్పగానే అందుకుంటుంది. ప్యుజోకి ఒక చిన్న మినహాయింపు ఇవ్వాలి. అందులో డీజిల్ నేరుగా పిస్టన్ మీద కాకుండా హెడ్‌లోని చిన్న పక్క గదిలో మండటం మొదలవుతుంది. ఆ గది గోడలు వేడిని లాగేసుకుంటాయి కాబట్టి స్టార్టింగ్‌కు ముందు హీటర్ ప్లగ్గులు వెలగాలి. నాలుగు ప్లగ్గుల్లో రెండు పోయినా బండి సతాయిస్తుంది. అది ఇంజన్ జబ్బు కాదు, ప్లగ్గులు మారిస్తే పోతుంది. నేరుగా పిస్టన్ మీదే డీజిల్ చిమ్మే డీఐకి మన వాతావరణంలో ఈ గొడవ దాదాపు ఉండదు.

ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడటం షెడ్డుల్లో పాత అలవాటు. రింగులు దాటి కిందికి దిగిన వాయువు ఆ కన్నంలోంచి భకభకమని తన్నుకొస్తుంటే, బ్యాక్ కంప్రెషన్ కొడుతోందని అంటారు. సన్నగా ఆవిరిలా వస్తే పాత ఇంజన్‌కు తప్పు లేదు. మూతను కన్నం మీద బోర్లా పెడితే ఎగిరి పడేంత జోరు ఉంటే ఇంజన్ బోరుకు వచ్చినట్టే. అనుమానం ఉంటే కంప్రెషన్ గేజి పెట్టించాలి. అంకె ఎంత ఉందన్నదానికన్నా నాలుగు సిలిండర్లూ ఒకే తీరుగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. మూడు బాగుండి ఒకటి పడిపోతే అది అక్కడి వాల్వు కావచ్చు, గ్యాస్కెట్ కావచ్చు. నాలుగూ కలిసి పడిపోతే మొత్తం ఇంజన్ పని.

డీజిల్ ఇంజన్‌లో నన్ను ఎప్పుడూ అబ్బురపరిచే భాగం ఇంజన్ కాదు, దాని పక్కన బోల్టులతో బిగించి ఉండే పంపు. ఒక చిన్న లెక్క వేద్దాం. జీపు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ లీటరుకు 12 ఇస్తోందనుకోండి. గంటకు 5 లీటర్లు తాగుతున్నట్టు. ఇంజన్ 2500 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే నాలుగు సిలిండర్లలో కలిపి నిమిషానికి 5000 సార్లు, గంటకు 3 లక్షల సార్లు డీజిల్ చిమ్మాలి. ఒక్కో విడతకు వచ్చేది సుమారు 17 ఘన మిల్లీమీటర్లు, ఒక నీటి బొట్టులో మూడో వంతు. అంత కొంచెం డీజిల్‌ను, నాలుగు సిలిండర్లకూ సమానంగా, పిస్టన్ పైకి చేరే ముందు సరైన క్షణంలో, వంద బార్లకు పైబడిన ఒత్తిడితో పంపాలి. ఇదంతా కరెంటు, కంప్యూటర్ లేకుండా, ఉక్కు మీద ఉక్కు జారడంతోనే జరుగుతుంది.

రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో ఇలాంటి పంపులను పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టేదాకా డీజిల్ ఇంజన్ ఓడలకూ ఫ్యాక్టరీలకూ ఎక్కువగా పరిమితమై ఉండేది. బాష్ సంస్థ మన దేశంలో 1951లో బెంగళూరు కేంద్రంగా మైకో పేరుతో మొదలైంది. అందుకే మన మెకానిక్కులకు అది ఇప్పటికీ మైకో పంపే. దాని లోపల ఎలిమెంట్ అనే జత ఉంటుంది, ఒక సన్నటి కడ్డీ, అది జారే గొట్టం. ఆ రెంటి మధ్య సందు ఒకటి రెండు మైక్రాన్లు, మహా అయితే మూడు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. అంత బిగువుగా ఉండాలి కాబట్టి ఆ జతను కలిపే అరగదీస్తారు. ఒక జతలోని కడ్డీని ఇంకో జత గొట్టంలో పెట్టకూడదు.

పంపు షాపులో నాజిల్ టెస్టింగ్ ఒకసారి దగ్గరుండి చూడండి. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఇలాంటి షాపులు వెతుక్కోనక్కర్లేదు. నాజిల్‌ను ఒక చేతి పంపుకు బిగించి, పిడి కిందికి నొక్కుతారు. గేజిలో ముల్లు ఎక్కుతూ పోతుంది. సెట్ చేసిన ఒత్తిడి దగ్గర, డీఐ నాజిల్ అయితే సుమారు 200 బార్ దగ్గర, చిర్రుమంటూ తుంపర తెరుచుకుంటుంది. మంచి నాజిల్ తుంపర మంచులా విచ్చుకుని తక్షణం ఆగిపోతుంది, కొన తడారి ఉంటుంది. చెడ్డ నాజిల్ ఒకవైపుకే తీగలా చిమ్ముతుంది, ఆగాక కూడా కొన నుంచి బొట్టు వేలాడుతుంది. ఆ బొట్టే సిలిండర్‌లో మండీ మండక నల్లటి పొగై బయటికొస్తుంది. చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఆ తుంపర దారిలో వేలు పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, అది ఆస్పత్రి కేసు, ఒక్కోసారి వేలు పోయే కేసు.

ఈ పంపుకు ప్రాణాంతకం మురికి, నీళ్లు, కల్తీ. ఫిల్టరు మార్చడానికి బద్ధకిస్తే, డబ్బాల్లో నిల్వ పెట్టిన డీజిల్ పోస్తే మైక్రాన్ల సందులో ఇసుక దూరుతుంది. కిరోసిన్ కలిస్తే జారుడుగుణం తగ్గి ఉక్కు ఉక్కును గీసుకుంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన బంకుల్లో బీఎస్-6 డీజిల్ వస్తోంది, అందులో గంధకం పది లక్షల భాగాల్లో 10 భాగాలు దాటకూడదు. గంధకం తీసేసే ప్రక్రియలో డీజిల్ సహజ జారుడుగుణం కూడా కొంత పోతుంది, అందుకని రిఫైనరీలు దాన్ని మందులతో తిరిగి చేరుస్తాయి. ఎంత ఉండాలో ప్రమాణమూ ఉంది. కాబట్టి కొత్త డీజిల్ పాత పంపును పాడుచేస్తుందని భయపడి ట్యాంకులో రకరకాల ఆయిళ్లు కలపనక్కర్లేదు. గట్టిపడిన పాత రబ్బరు సీళ్ల దగ్గర కారడం మొదలైతే సీల్ కిట్టు వేయిస్తే సరి.

పొగ రంగు చదవడం నేర్చుకుంటే సగం రోగ నిర్ధారణ అయిపోయినట్టే. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, నాజిళ్లు కారినా, లాగుడు కోసం పంపు స్క్రూ తిప్పేసినా ఇదే రంగు. నీలి పొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది, రింగులో వాల్వు సీళ్లో అరిగాయి. చల్లగా ఉన్నప్పుడు కాసేపు తెల్ల పొగ వచ్చి ఆగిపోతే అది మండని డీజిల్ ఆవిరి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. నీలి పొగ మరీ ముదిరితే ప్రమాదమే. ఇంజన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగడం మొదలుపెడితే స్టాప్ కేబుల్ లాగినా ఆగదు, ఆర్‌పీఎం పెరుగుతూనే పోతుంది. అప్పుడు గాలి దారి మూసేయడం ఒక్కటే మందు, అదీ చేత్తో కాదు, చెక్క పలకతోనో గట్టి మందపాటి వస్తువుతోనో.

గేర్ల సంగతి కొంచెం. సీజే-3బీలో మొదటి గేరు, లో-రేంజి, డిఫరెన్షియల్ మూడూ కలిస్తే ఇంజన్ 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజన్ వెయ్యి ఆర్‌పీఎం మీద ఉంటే బండి గంటకు మూడున్నర కిలోమీటర్ల చొప్పున, మనిషి నడకకన్నా నిదానంగా పాకుతుంది. యాక్సిలరేటర్ తొక్కకుండా బండరాయి ఎక్కేది ఈ లెక్కతోనే. కొనేటప్పుడు ఫోర్ వీల్, లో-రేంజి రెండూ వేయించి మట్టి నేల మీద నడిపించాలి. తారు రోడ్డు మీద వద్దు. ఈ జీపుల్లో ముందు, వెనక ఇరుసుల మధ్య వేగం తేడాను సర్దే ఏర్పాటు లేదు, పొడి తారు మీద మలుపు తిప్పితే షాఫ్టులు మెలిపడతాయి. పనిచేయని లో-రేంజి ఉన్న జీపుకు జీపు ధర ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇంజన్ బోరుకు రావడం బండికి మరణం కాదు. లైనర్లు మార్చడమో, బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయడమో, క్రాంకు గ్రైండింగ్ చేయించి తగిన బేరింగులు వేయడమో మన ఊళ్లలో లేత్ షాపుకు తెలిసిన పనే. గేర్‌బాక్సు, కమాన్ కట్టలు, స్టీరింగు, సెల్ఫ్ మోటారు, అన్నీ బాగుచేయదగ్గవే. కాబట్టి ఇంజన్ పని ఉన్న బండిని చూసి పారిపోనక్కర్లేదు, ఆ ఖర్చు ధరలోంచి తీసేస్తే సరిపోతుంది.

అలా ధరలోంచి తీసేయలేనివి రెండు, చాసిస్ తుప్పు, కాగితాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండ్లను ఉప్పుగాలి లోపలినుంచి తినేస్తుంది. కొత్త పెయింటు కింద ఏముందో చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తట్టి వినాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది. కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర, బాడీ బోల్టుల దగ్గర వెల్డింగు అతుకులుంటే ఎందుకు వేశారో అడగాలి. చాసిస్ నంబరు చెక్కిన చోట అతుకు కనిపిస్తే ఇంకేమీ అడక్కుండా వెనక్కి వచ్చేయడం మేలు.

ఇక కాగితాలు. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తరవాత ఐదేళ్లకోసారి రెన్యువల్. కారు జాతి బళ్లకు ఆ ఫీజును 2022 ఏప్రిల్ 1న 600 రూపాయల నుంచి 5000కు పెంచారు. ఆర్సీలోని ఇంజన్ నంబరు, బండి మీది నంబరు ఒకటే కావాలి. పెట్రోల్ తీసి డీజిల్ పెట్టిన జీపులో ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే రెన్యువల్ దగ్గర బండి ఆగిపోతుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బళ్లకు రిజిస్ట్రేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది కూడా. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బళ్లకు 2021 జులైలో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. వింటేజ్‌గా రిజిస్టర్ చేసిన బళ్లకు నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలు ఉంటాయి, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరుగుడుకు అనుమతి లేదు. అందువల్ల తన అసలు హరికేన్ పెట్రోల్ ఇంజన్‌తో ఉన్న పాత సీజే-3బీ ఇప్పుడు దాచుకోదగ్గ వస్తువైంది. దాన్ని డీజిల్‌కు మార్చకండి. అడవి దారికి జీపు కావాలంటే డీఐ ఇంజన్‌తోనే పుట్టినదాన్ని కొనుక్కోండి.

పాత డీజిల్ మీద ఎంత ప్రేమ ఉన్నా దాచకూడని మాట ఇంకొకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పాత బండికి మసిని పట్టే ఫిల్టరు లేదు. కనుక నాజిళ్లు, పంపు సరిగా ఉంచుకోవడం మైలేజీ కోసం మాత్రమే కాదు, వెనక స్కూటర్ మీద వస్తున్న మనిషి ఊపిరి కోసం. లాగుడు కోసం పంపు స్క్రూ తిప్పించి నల్లగా ఊదుకుంటూ పోవడాన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను. ఏడాదికోసారి నాజిళ్లు టెస్టింగ్‌కు పంపండి, పంపు క్యాలిబ్రేషన్ అయ్యాక స్క్రూకు సీలు వేయించండి, దాన్ని ఎవరినీ తాకనివ్వకండి.

బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు ముందురోజు రాత్రే అమ్మేవారికి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ అని చెప్పండి. తెల్లవారి వెళ్లగానే మొదట బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే బేరం మొదలుపెట్టకండి, ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.